డ్యామ్ లైసెన్సు గడువు ముగుస్తోంది: ఐఎల్‌పీ, టీఎల్‌పీ, ఏఎల్‌పీ... జనానికి ఏది మేలు?

అమెరికాలో కంపెనీలు, రాష్ట్రాలు, నగరాలు నడిపే జలవిద్యుత్ డ్యాములకు లైసెన్సు ఇచ్చేది ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్. వాడుకలో ఫెర్క్ అంటారు. హూవర్, గ్రాండ్ కూలీ లాంటి ఫెడరల్ ప్రభుత్వ డ్యాములు దీని కిందికి రావు. పాత లైసెన్సు తీరిపోయే ముందు యజమాని కొత్తదానికి దరఖాస్తు పెట్టుకోవాలి. కొత్త లైసెన్సు 30 నుంచి 50 ఏళ్లు ఉంటుంది. 2017లో ఫెర్క్ విధానం మార్చుకున్నాక మామూలుగా 40 ఏళ్లు ఇస్తోంది. డ్యామ్ కింద నదికి ఎన్ని నీళ్లు వదలాలి, చేప పైకి ఎలా ఎక్కాలి, జలాశయం మట్టం ఏ నెలలో ఎంత ఉండాలి అన్నవన్నీ ఈ ఒక్కసారే తేలతాయి. ఇప్పుడు చూసుకోకపోతే మళ్లీ అడగాల్సింది మన మనవలే.

ఈ పనికి మూడు దారులున్నాయి. ఇంటిగ్రేటెడ్ ప్రాసెస్ ఐఎల్‌పీ, ట్రెడిషనల్ ప్రాసెస్ టీఎల్‌పీ, ఆల్టర్నేటివ్ ప్రాసెస్ ఏఎల్‌పీ. ఐఎల్‌పీ నియమాలు 2003లో వచ్చాయి. 2005 జులై నుంచి, వేరే ఏదీ అడగకపోతే అదే వర్తిస్తుంది. మిగతా రెండింటికీ ఫెర్క్ అనుమతి కావాలి. కోరేది యజమానే అయినా, ఆ కోరికపై మాట చెప్పే హక్కు అందరికీ ఉంది. ఏ దారి అయితే ఏముంది, చివరికి చట్టం ఒకటేగా అనుకోవడం పొరపాటు. చట్టం ఒకటే. కానీ మీ మాట ఏ రోజున, ఎవరి ముందు చెప్పాలో మారిపోతుంది.

మొదటి 30 రోజులు

లైసెన్సు తీరడానికి ఐదున్నరేళ్ల ముందు మొదలై ఐదేళ్ల ముందు ముగిసే ఆరు నెలల వ్యవధిలో యజమాని రెండు కాగితాలు ఇస్తాడు. ఒకటి, మళ్లీ లైసెన్సు కోరుతున్నానన్న నోటీసు. రెండోది పాడ్, అంటే ప్రీ-అప్లికేషన్ డాక్యుమెంట్. డ్యామ్ కొలతలు, టర్బైన్లు, నీళ్లు వదిలే తీరు, నదిలో ఇప్పటికి తెలిసిన చేపలు, మొక్కలు, పడవ రేవులు అన్నీ అందులో ఉంటాయి. టీఎల్‌పీ కావాలంటే ఆ విన్నపం కూడా అప్పుడే పెడతాడు. దాని మీద అభిప్రాయం చెప్పడానికి 30 రోజులే. ఫెర్క్ చూసే కొలబద్దలు ఇవి: లైసెన్సు సకాలంలో వచ్చే వీలుందా, సమస్యలు ఎంత చిక్కువి, వివాదం ఎంత రావచ్చు, రెండు దారుల ఖర్చులో తేడా ఎంత, ఉన్న సమాచారం చాలుతుందా. "మాకు ఇష్టం లేదు" అని రాసిన ఉత్తరం ఇక్కడ బరువు తూగదు. "దిగువ పాయలో నీటి ప్రవాహంపై లెక్కలే లేవు, రాష్ట్ర మత్స్య శాఖకూ యజమానికీ దీనిపై ఇప్పటికే తకరారు ఉంది" అని రాస్తే తూగుతుంది.

ఈ గడువు చాలామందికి తెలియకుండానే దాటిపోతుంది. ప్రతి ప్రాజెక్టుకూ పి అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, కాలిఫోర్నియాలోని ఒరోవిల్ డ్యామ్‌కు పి-2100 లాగ. ఫెర్క్ సైటులో ఆ నంబరుకు ఈ-సబ్‌స్క్రిప్షన్ పెట్టుకుంటే ప్రతి కాగితం మెయిల్‌కు వస్తుంది. లైసెన్సు తీరే ఏడాది నుంచి ఆరేళ్లు వెనక్కి లెక్కేసి ఆ పని చేసి పెట్టుకోండి.

ఐఎల్‌పీ: గడియారం కఠినం, రిఫరీ మాత్రం మైదానంలోనే

ఐఎల్‌పీలో ఫెర్క్ సిబ్బంది మొదటి నుంచీ ఉంటారు. నోటీసు వచ్చిన 60 రోజుల్లో పరిశీలించాల్సిన అంశాల జాబితా, స్కోపింగ్ డాక్యుమెంట్ బయటపెడతారు. మరో 30 రోజుల్లో సభలు, డ్యామ్ సందర్శన. సాధారణంగా పగలు ప్రభుత్వ శాఖలకు ఒక సభ, సాయంత్రం జనానికి ఒకటి పెడతారు. మాట్లాడినదంతా రికార్డులోకి ఎక్కుతుంది. స్కోపింగ్ డాక్యుమెంట్ వచ్చిన 60 రోజులకు, అంటే మొత్తం మీద 120వ రోజుకు, మీ వ్యాఖ్యలు, "ఫలానా అధ్యయనం చేయించండి" అన్న విన్నపాలు చేరాలి. పాడ్ మొదటి రోజే చేతికొస్తుంది కాబట్టి నిజానికి మీకున్నది 60 రోజులు కాదు, 120. సభ జరిగేదాకా ఆగిన వాళ్లే చివర్లో హడావిడి పడతారు.

ఆ తర్వాత యజమాని 45 రోజుల్లో అధ్యయన ప్రణాళిక ముసాయిదా ఇస్తాడు. 30 రోజుల్లో దానిపై సమావేశం. ముసాయిదా వచ్చిన 90 రోజుల్లోగా మీ వ్యాఖ్యలు. 30 రోజుల్లో సవరించిన ప్రణాళిక, దానిపై 15 రోజులు. ఆపైన ఫెర్క్ ఏ అధ్యయనం చేయాలో, ఏది అక్కర్లేదో రాతపూర్వకంగా తేలుస్తుంది. మొత్తం దాదాపు 315 రోజులు. ఐఎల్‌పీలో అసలు బలం ఇదే. నదిలో కాలు పెట్టకముందే ఏం కొలవాలో ఫెర్క్ సంతకంతో నిర్ణయమవుతుంది.

అయితే విన్నపం ఏడు ప్రమాణాలకు నిలబడాలి. అధ్యయనం లక్ష్యం ఏమిటి. ఆ వనరును చూసే ప్రభుత్వ శాఖల, అమెరికా ఆదివాసీ తెగల లక్ష్యాలతో దానికి పొత్తేమిటి. అడిగేది ప్రభుత్వ శాఖ కాకపోతే ప్రజా ప్రయోజనం ఏమిటి. ఇప్పటికి తెలిసిందేమిటి, ఇంకేం కావాలి. డ్యామ్ నడపడానికీ ఆ ప్రభావానికీ లంకె ఏమిటి, ఫలితం లైసెన్సు షరతుగా ఎలా మారుతుంది. కొలిచే పద్ధతి శాస్త్రజ్ఞులు ఒప్పుకున్నదేనా. శ్రమ, ఖర్చు ఎంత, యజమాని ప్రతిపాదించినది ఎందుకు చాలదు.

ఎక్కువ విన్నపాలు ఐదో ప్రమాణం దగ్గర కూలతాయి. "నదిలో చేపలు తగ్గాయి, అధ్యయనం చేయండి" అంటే లంకె లేదు. దాన్నే ఇలా రాయవచ్చు: "నీటిని గొట్టాల్లోకి మళ్లించడం వల్ల డ్యామ్‌కూ పవర్‌హౌస్‌కూ మధ్య నది పాయలో నీళ్లు పలచబడుతున్నాయి. నాలుగు వేర్వేరు పరిమాణాల్లో నీరు వదిలి, ప్రతిసారీ లోతు, వేగం, అడుగునున్న రాయి, ఇసుక కొలిచి, చేప గుడ్లు పెట్టే చోటు ఎంత మిగులుతుందో లెక్కకట్టండి. దాన్ని బట్టి కనీస ప్రవాహం ఎంతో లైసెన్సులో రాయవచ్చు." టర్బైన్లు ఆపినప్పుడు నీరు ఒక్కసారిగా దిగి పిల్ల చేపలు గులకరాళ్ల మధ్య చిక్కుకుపోతుంటే, గంటకు మట్టం ఎన్ని అంగుళాలు దిగుతోందో అడగండి. తెప్పలు, కయాకులు నడిపేవాళ్లయితే, నియమిత పరిమాణాల్లో నీరు వదిలించి ప్రతి విడుదలకూ పడవ వేసి, ఒడ్డుకు రాగానే ఫారాలు నింపే అధ్యయనం కోరవచ్చు. ఇవన్నీ వాడుకలో ఉన్న పద్ధతులే.

ఇంకో గుంట ఉంది. ఫెర్క్ పోల్చి చూసేది డ్యామ్ కట్టకముందున్న నదితో కాదు, ఇవాళ్టి స్థితితో. 2000లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఈ పద్ధతిని సమర్థించింది. కాబట్టి వందేళ్ల కిందటి నష్టాన్ని కొలవమంటే కొట్టేస్తారు. ఇప్పుడు జరుగుతున్న నష్టాన్ని, ముందు జరగబోయేదాన్ని పట్టుకోవాలి.

ఐఎల్‌పీలోని అసలు లోపం కూడా చెప్పాలి. ఫెర్క్ నిర్ణయంపై అధికారికంగా వివాదం లేవనెత్తే హక్కు తప్పనిసరి షరతులు పెట్టగల శాఖలకు, తెగలకే ఉంది. 20 రోజుల్లో వాళ్లు కదిలితే ముగ్గురు సభ్యుల ప్యానెల్ కూర్చుంటుంది. మామూలు పౌరులకు, నదీ సంఘాలకు ఆ తలుపు మూసి ఉంటుంది. ఇది న్యాయం కాదు. అందుకే విన్నపం రాసేముందే రాష్ట్ర మత్స్య శాఖతో మాట్లాడి, అదే అధ్యయనాన్ని వాళ్లూ అడిగేలా చూసుకోవడం మీ చేతిలో ఉన్న మంచి ఆయుధం. ఏడాదికి మొదటి నివేదిక వచ్చాక కొత్త అధ్యయనం కావాలంటే సరైన కారణం చూపాలి. రెండో నివేదిక తర్వాతైతే అసాధారణ పరిస్థితి ఉండాలి. 120వ రోజు దాటితే తలుపు సగం మూసుకున్నట్టే.

టీఎల్‌పీ: తీరిక ఎక్కువ, కాపలా తక్కువ

టీఎల్‌పీలో దరఖాస్తు పడేదాకా నడిపించేది యజమానే. ఫెర్క్ అనుమతి ఇచ్చిన 30 నుంచి 60 రోజుల మధ్య ఉమ్మడి సమావేశం పెట్టాలి. కనీసం 14 రోజుల ముందు స్థానిక పత్రికలో ప్రకటన వేయాలి. సమావేశం ఆడియో గానీ రాతప్రతి గానీ అడిగినవాళ్లకు అందుబాటులో ఉంచాలి. తర్వాత 60 రోజుల్లో వ్యాఖ్యలు, అధ్యయన విన్నపాలు. అధ్యయనాలు అయ్యాక ముసాయిదా దరఖాస్తుపై 90 రోజులు. తకరారు వస్తే ఫెర్క్ డైరెక్టర్ దగ్గరికి రాతపూర్వకంగా తీసుకెళ్లే ఏర్పాటు ఉంది. కానీ ఎవరూ తీసుకెళ్లకపోతే ఫెర్క్ తనంతట తాను చూడదు.

జనానికి ఇందులో ఒక లాభం ఉంది. దరఖాస్తు పడ్డాక 60 రోజుల్లో అదనపు అధ్యయనం కోరవచ్చు. ఐఎల్‌పీ మొదటి రోజుల్లో నిద్రపోయినవాళ్లకు దొరకని రెండో అవకాశం ఇది. అయితే ఇది జనానికి వరం కన్నా నదికి ఆలస్యం అవుతుంది. పర్యావరణ సమీక్ష దరఖాస్తు తర్వాతే మొదలవుతుంది. లోపాలు అప్పుడు బయటపడితే, మరో రెండు సీజన్ల నది లెక్కలు తెమ్మంటారు. ఈలోగా పాత లైసెన్సు తీరిపోతే ఏడాదికోసారి దానంతట అదే పొడిగింపు వస్తుంది, పాత షరతులతోనే. పాతదాంట్లో నదికి కనీస ప్రవాహమే లేకపోతే ఆ ఏళ్లన్నీ నది ఎండుతూనే ఉంటుంది.

చిన్న డ్యామ్, నీరు వచ్చింది వచ్చినట్టే వదిలే రకం, వలస చేప లేదు, లెక్కలు పుష్కలంగా ఉన్నాయి, శాఖలతో తగవు లేదు: ఇలాంటి చోట టీఎల్‌పీకి అడ్డుపడి లాభం లేదు. మిగతా చోట్ల అడ్డుపడాలి.

ఏఎల్‌పీ: కూర్చుని మాట్లాడుకునే దారి

1997 నుంచి నియమాల్లో ఉంది. శాఖలు, తెగలు, సంఘాలు అందరినీ పిలిచి, ఈ దారి సరైనదేనని వాళ్ల మధ్య ఏకాభిప్రాయం ఉందని చూపించి, ఎవరు ఎవరితో ఎలా మాట్లాడాలో ఒప్పందపత్రం రాసుకుంటేనే ఫెర్క్ ఒప్పుకుంటుంది. కాలపట్టిక పాల్గొనేవాళ్లే వేసుకుంటారు. పర్యావరణ సమీక్ష ముసాయిదాను యజమానే దరఖాస్తుతో పాటు తయారుచేసి ఇవ్వవచ్చు. ఎక్కువగా లక్ష్యం ఒప్పందమే.

బాగా జరిగినప్పుడు ఇదే అన్నిటికన్నా మిన్న. మోంటానా, ఐడహోల్లో నోక్సన్ రాపిడ్స్, క్యాబినెట్ గోర్జ్ డ్యాములకు 1999లో ఒప్పందం కుదిరింది. పాత లైసెన్సు తీరకముందే 2000లో కొత్తది వచ్చింది. బుల్ ట్రౌట్ చేప కోసం చేసే పనులు అందులో భాగం.

అన్నీ అలా సాగవు. కాలిఫోర్నియాలో ఒరోవిల్ కూడా ఏఎల్‌పీలోనే వెళ్లింది. 2006లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 2007 జనవరి 31న లైసెన్సు తీరింది. 2017 ఫిబ్రవరిలో స్పిల్‌వే బద్దలై దాదాపు 1,88,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించే నాటికి కూడా ఆ డ్యామ్ ఏడాది పొడిగింపుల మీదే నడుస్తోంది. ఇంకో విషయం. అత్యవసర స్పిల్‌వే కింద గుట్ట కోసుకుపోతుందని, కాంక్రీటు వేయించమని మూడు పర్యావరణ సంఘాలు 2005లోనే ఈ లైసెన్సు వ్యవహారంలో ఫెర్క్‌కు రాశాయి. అప్పుడు ఒప్పుకోలేదు. డ్యామ్ భద్రతను ఫెర్క్ మామూలుగా వేరే విభాగంలో చూస్తుంది కాబట్టి లైసెన్సు వ్యాఖ్యల్లో రాస్తే పక్కకు పోతుంది. భద్రత మీద అనుమానం ఉంటే డ్యామ్ సేఫ్టీ విభాగానికి కూడా విడిగా రాయండి.

ఏఎల్‌పీలో ఒప్పందం కుదిరినా ఫెర్క్ దానికి కట్టుబడి ఉండదు. డ్యామ్ ప్రభావంతో లంకె లేని పనులను, "ఏటా ఇంత డబ్బు ఇస్తాం" అని మాత్రమే రాసి పని చెప్పని నిధులను లైసెన్సులో చేర్చడానికి వెనకాడుతుంది. డబ్బు కాదు, పని రాయించుకోండి: ఏ చోట, ఏ సంవత్సరంలోగా, ఏ కొలతతో. ఇంకో భారం, ఏళ్ల తరబడి సమావేశాలకు వెళ్లాలి. కంపెనీ తరఫున వచ్చేవాళ్లకు అది ఉద్యోగం. మీ తరఫున వచ్చేవాళ్లకు సెలవు పెట్టుకుని రావడం. ఇద్దరు ముగ్గురు నిలకడగా కూర్చోగలిగితేనే ఈ దారికి ఒప్పుకోండి.

ఏ దారైనా తప్పనివి

నీటి నాణ్యత ధ్రువీకరణ రాష్ట్రం ఇవ్వాలి, క్లీన్ వాటర్ యాక్ట్ 401 సెక్షన్ కింద, ఏడాది గడువులో. ఆ షరతులు ఫెర్క్ మార్చలేదు. కాబట్టి రాష్ట్ర విచారణకు వెళ్లడం ఫెర్క్ సభకు వెళ్లినంత ముఖ్యం. సస్క్వెహానా నది మీద కోనోవింగో డ్యామ్ 2009లో ఐఎల్‌పీతో మొదలైంది. 2014లో పాత లైసెన్సు తీరింది. మేరీల్యాండ్ 2018లో ఇచ్చిన ధ్రువీకరణను తర్వాత ఒప్పందంలో వదులుకుంది. ఆ మీదట 2021లో వచ్చిన 50 ఏళ్ల లైసెన్సును 2022 డిసెంబరులో అప్పీలు కోర్టు కొట్టేసింది. ఐఎల్‌పీ గడియారం ఎంత కఠినమైనదైనా 401 దగ్గర అది పనిచేయదు. అలాగే చేపలదారి కట్టాలని ఫెడరల్ చేపల సంస్థలు ఫెడరల్ పవర్ యాక్ట్ 18వ సెక్షన్ కింద ఆదేశిస్తే అదీ తప్పనిసరే.

అరుదుగానైనా లైసెన్సు రాకపోవచ్చు కూడా. మెయిన్‌లో కెన్నెబెక్ నది మీద ఎడ్వర్డ్స్ డ్యామ్‌కు 1997లో ఫెర్క్ నిరాకరించి తొలగించమంది. 1999లో తీసేశారు.

మూడింటిలో ఒకటి ఎంచమంటే మా మాట ఐఎల్‌పీ. పెద్ద డ్యామ్, వలస చేప, రోజులో ఎక్కి దిగే నీరు, లెక్కలు లేని పాయ, వీటిలో ఏ ఒక్కటున్నా అదే. తగవు పాతదైనా అందరూ ఒకరినొకరు నమ్మే స్థితికి వచ్చి ఉంటే ఏఎల్‌పీ. టీఎల్‌పీ పైన చెప్పిన చిన్న డ్యాములకు మాత్రమే.

ఇంతా చేసి చాలామంది చివర్లో జారిపోయేది ఒక చోట. వ్యాఖ్య రాయడం వేరు, ఇంటర్‌వీన్ కావడం వేరు. దరఖాస్తు తీసుకున్నామని ఫెర్క్ నోటీసు ఇచ్చాక, అందులో చెప్పిన గడువులోగా, కోర్టు కేసులో ఇంప్లీడ్ పిటిషన్ వేసినట్టు, ఇంటర్‌వెన్షన్ మోషన్ వేయాలి. లాయరు అక్కర్లేదు. మీరెవరు, ఈ నదితో మీకేం పని, ఏం కోరుతున్నారు అన్నవి రాసి ఈ-ఫైలింగ్‌లో పెడితే చాలు. ఆపైన మీరు వేసే ప్రతి కాగితం సర్వీస్ లిస్టులో, అంటే ఆ వ్యవహారంలో పార్టీల జాబితాలో, ఉన్న అందరికీ పంపాలి. 6,000 అక్షరాల ఈ-కామెంట్ పెట్టె దీనికి పనికిరాదు, అధ్యయన విన్నపానికీ చాలదు. ఇలా ఇంటర్‌వీన్ అయి పార్టీ అయినవాళ్లే లైసెన్సు ఉత్తర్వు వచ్చిన 30 రోజుల్లో పునర్విచారణ కోరగలరు. అది కోరినవాళ్లే ఆ తర్వాత 60 రోజుల్లో అప్పీలు కోర్టు మెట్లెక్కగలరు.