ముక్కు పని వేరు, జాకబ్సన్ అవయవం పని వేరు

దున్నపోతు గేదె మూత్రం వాసన చూసి, మూతి పైకెత్తి, పైపెదవి మడిచి కాసేపు అలాగే నిలబడటం పల్లెల్లో చాలామంది చూసే ఉంటారు. ముక్కు ప్రధానంగా గాలిలో తేలివచ్చే అణువులను పడుతుంది. పొగ, పచ్చగడ్డి, దూరంలో ఉన్న కుక్క, అన్నీ దానికే తెలుస్తాయి. కానీ గేదె ఎదకు వచ్చిందా అన్న కబురులో కొంత తడిలోనే ఉండిపోతుంది. దాన్ని చదివేది జాకబ్సన్ అవయవం. 1813లో డెన్మార్క్ వైద్యుడు లుడ్విగ్ జాకబ్సన్ వర్ణించిన ఈ జంట గొట్టాలు ముక్కు అడుగున, అంగిలికి పైన ఉంటాయి. పెదవి మడిస్తే ఆ తడి అక్కడికి చేరుతుంది. దూరపు కబురుకు ముక్కే మేలు. నాకు ఎక్కువ ముచ్చటేసేది మాత్రం రెండోదే. పాముకైతే చీలిన నాలుకే ఈ అవయవం కోసం వాసన అణువులను నోట్లోకి మోసుకొస్తుంది.