ఖాట్మండులో భాగస్వామ్య సంస్థల సందర్శన: బస ఎక్కడ, లెక్కలు ఎలా

బెంగళూరు నుంచి నేపాల్‌లోని భాగస్వామ్య సంస్థలను చూడటానికి వెళ్లే మన తెలుగు వలంటీర్లకు మొదటి చిక్కు కెంపేగౌడ విమానాశ్రయంలోనే వస్తుంది. వీసా అక్కర్లేదన్న మాట నిజమే. కానీ ఆధార్ ఒక్కటే చూపిస్తే 15 నుంచి 65 ఏళ్ల మధ్య వాళ్లను విమానం ఎక్కనివ్వరు. పాస్‌పోర్టో, ఓటరు కార్డో కావాలి. ఓటరు కార్డు ఎక్కువమందికి సొంతూళ్లో బీరువాలో ఉంటుంది, కాబట్టి పాస్‌పోర్టే దిక్కు.

బసకు అందరూ పర్యాటకుల పేట థమేల్ చెబుతారు. తిండి, డబ్బు మార్పిడి, సిమ్ కార్డు అన్నీ అక్కడే దొరుకుతాయి, కానీ రాత్రి మోత తగ్గదు. పని మీద వెళ్లేవాళ్లకు పాటన్ వైపు జావలాఖేల్, సానేపా మేలు. స్వచ్ఛంద సంస్థల ఆఫీసులు చాలావరకు అటే ఉన్నాయి, నడిచి వెళ్లొచ్చు. బౌద్ధనాథ్ స్తూపం చుట్టూ ఉన్న బౌధా ప్రాంతం విమానాశ్రయానికి దగ్గర, ప్రశాంతం కూడా. అక్కడి నుంచి రోజూ పాటన్‌కు తిరగాలంటే మాత్రం ట్రాఫిక్ ప్రాణం తీస్తుంది. గది తీసుకునే ముందు వేడినీళ్లు సోలార్‌వా, గ్యాస్ గీజర్‌వా అని అడగండి. చలికాలం పొద్దున్నే సోలార్‌ను నమ్ముకుంటే చన్నీళ్లే గతి.

విమానాశ్రయం నుంచి ప్రీపెయిడ్ ట్యాక్సీ, ఊళ్లో తిరగడానికి బైకు, ట్యాక్సీ పిలిపించే పఠావ్ (Pathao) యాప్. నేపాల్ చెల్లింపుల సంస్థ ఫోన్‌పే (Fonepay, మన PhonePe కాదు) క్యూఆర్ ఉన్న దుకాణాల్లో మన యూపీఐ పనిచేస్తుంది. పల్లెలకు వెళ్తే నగదే. మారకం 100 భారత రూపాయలకు 160 నేపాలీ రూపాయలు.

శనివారం సెలవు, ఆ రోజు దిగితే ఎవరూ కలవరు. చాలామంది పొద్దున తొమ్మిది, పది గంటలకే దాల్ భాత్ తినేసి పనిలోకి దిగుతారు. ఒంటి గంటకు భోజనం పెడతారని ఎదురుచూస్తే అందేది అటుకులో, మోమోలో. సమావేశం పదిన్నర తర్వాత పెట్టుకుంటే ఇద్దరికీ సుఖం.

అసలు తలనొప్పి ఆ సంస్థల లెక్కల పుస్తకాల్లో ఉంది. బిల్లులు, రిజిస్టర్లు విక్రమ సంవత్ తేదీల్లో ఉంటాయి. సంవత్ అంకెలోంచి, ఏప్రిల్ మధ్యలో వచ్చే తొలి నెల బైశాఖ్ నుంచి డిసెంబర్ ఆఖరు వరకు 57, జనవరి 1 నుంచి చివరి నెల చైత్ర ఆఖరు వరకు 56 తీసేస్తే ఇంగ్లీషు సంవత్సరం. నెలల పేర్లు చూసి మన పంచాంగం అనుకుంటే దెబ్బతింటాం. అవి సౌరమానం నెలలు, శ్రావణం జూలై మధ్యలో మొదలవుతుంది. ఆర్థిక సంవత్సరం కూడా ఆ రోజుతోనే మొదలు. అందుకే 'ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఖర్చు ఇవ్వండి' అంటే వాళ్లు రెండు ఆర్థిక సంవత్సరాల పుస్తకాలు తిరగేయాల్సి వస్తుంది. వాళ్ల సంవత్సరం ప్రకారమే లెక్క తీసుకుని, మన నివేదికలో రెండు తేదీలూ రాయడం తేలిక. నెలకు 29 నుంచి 32 రోజుల దాకా ఉంటాయి కాబట్టి నోటి లెక్క వద్దు, నేపాలీ క్యాలెండర్ యాప్ హామ్రో పాత్రోలో మార్చుకోండి. బిల్లు మీద తొమ్మిదంకెల పాన్ నంబరు ఉందో లేదో చూడండి. వ్యాట్ బిల్లయితే 13 శాతం విడిగా కనబడాలి. దేవనాగరి చేతిరాతలో 5, 8, 9 హిందీ పుస్తకాల్లో చూసినట్టు ఉండవు. అనుమానం వస్తే అకౌంటెంట్ చేత చదివించుకోవాలి.

పోఖరా వైపు పని ఉంటే రోడ్డున 200 కిలోమీటర్లే, కానీ వానల్లో కొండచరియలు పడితే రోజంతా పోతుంది. విమానంలో అరగంట లోపే. భారతీయుల టికెట్ ధర వేరు కాబట్టి బుకింగ్‌లో జాతీయత సరిగ్గా ఎంచుకోండి. పొగమంచుతో పొద్దుటి విమానాలు ఆలస్యమవుతాయి, అందుకని తిరిగొచ్చే రోజునే బెంగళూరు టికెట్ పెట్టుకోవద్దు.