రేడియేషన్‌కు ముందు అవగాహన: కరపత్రమా, బృంద తరగతా, నర్సుతో ముఖాముఖీయా?

క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స మొదలయ్యే ముందు రోగికి జాగ్రత్తలు తెలిపే బాధ్యతను నర్సులు మూడు విధాలుగా నెరవేర్చవచ్చు: చేతికి కరపత్రం ఇవ్వడం, పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి చెప్పడం, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడడం. శ్రీకాకుళం తీరం నుంచీ పాడేరు కొండల నుంచీ రోగులు వచ్చే విశాఖపట్నంలో మూడోదే మేలని నా అభిప్రాయం; అయితే అది ఏ రోజున జరుగుతుందన్నది అంతకన్నా ముఖ్యం.

కరపత్రం ఇంటి దగ్గర అక్కరకొస్తుంది. సాధారణంగా వారానికి 5 రోజులు సాగే చికిత్సను మధ్యలో మానకూడదని, ఒంటిపై వేసిన గుర్తులు చెరపకూడదని, బయటి యంత్రంతో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదు కనుక పసిపిల్లలను నిశ్చింతగా ఎత్తుకోవచ్చని దానితో ఇంటిల్లిపాదికీ చెప్పవచ్చు. కానీ చదువురానివారికి, కొండల్లోని గిరిజన భాష కువి మాత్రమే మాట్లాడేవారికి దానివల్ల ఒరిగేది లేదు. పైగా, ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు కొసను నోటిలోపల ఉంచుకుని అడ్డపొగ తాగే పెద్దావిడకు "సిగరెట్ మానండి" అన్న మాట తన గురించేనని తోచదు.

బస, భోజనం, ఆరోగ్య పథకం కాగితాలు వంటి ఉమ్మడి విషయాలకు బృంద తరగతి చాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్న స్త్రీ మాత్రం మగవారి ఎదుట దాంపత్యం గురించి నోరు విప్పదు.

ముఖాముఖిలో నర్సు "ఇంటికి వెళ్లాక ఏం చేస్తారో చెప్పండమ్మా" అని తిరిగి అడగగలరు. కమిలిన చర్మానికి పసుపు రాయాలన్న ఆలోచన ఏదైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది. వంట చేసేవారిని కూడా పక్కన కూర్చోబెట్టాలి. నోరు పూసిన రోజుల్లో కారం తగ్గించవలసింది వారే కదా!

ఇదంతా మొదటి చికిత్స నాడు చెబితే ఆలస్యమే. నోరు, గొంతు క్యాన్సర్లలో పాడైన పళ్లను ముందే తీయించాలి, ఆ పుండు మానడానికి సుమారు 2 వారాలు పట్టవచ్చు. కనుక డాక్టరు రేడియేషన్ నిర్ణయించిన నాడే, అంటే చికిత్సలో తల కదలకుండా పట్టి ఉంచే మాస్కు తయారీకీ, రేడియేషన్ ఎక్కడ ఇవ్వాలో లెక్కించే ప్లానింగ్ స్కాన్‌కూ ముందే, నర్సు మాట్లాడాలి. చికిత్స మొదలయ్యాక మంట, నీరసం సాధారణంగా తలెత్తే రెండు, మూడు వారాల్లో మరోసారి కూర్చోవాలి.

ముఖాముఖికి సమయం ఎక్కువ పడుతుందన్నది కాదనలేని లోపం. నర్సుల కొరత ఉన్న విభాగంలో నోరు, గొంతు, పొత్తికడుపు రోగులకు విడి సమయం ముందుగా కేటాయించి, మూడు వారాల్లో ముగిసే రొమ్ము చికిత్సవారికి స్త్రీలకే పరిమితమైన బృంద తరగతి పెట్టడం ఆచరణయోగ్యం.