స్టార్ట్ కాని ట్రాక్టరు: లాగించడమా, జంపర్ వేయడమా, ఎయిర్ తీయడమా – ఏది మేలు?

చిత్తూరు జిల్లాలో తోతాపురి కోతలు మొదలయ్యాక, లోడుతో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరిన ట్రాక్టర్లలో ఏదో ఒకటి మొండికేయడం మాకు అలవాటైన దృశ్యమే. అటువంటప్పుడు చుట్టూ చేరినవారు చెప్పే ఉపాయాలు మూడు: ముందున్న బండికి గొలుసు కట్టి లాగించి, తిరిగే చక్రాలతోనే ఇంజనును తిప్పడం, పక్క బండి బ్యాటరీ నుంచి జంపర్ వైర్లు వేయడం, డీజిల్ లైనులో చేరిన ఎయిర్ తీయడం. వీటిలో అందరికీ ముందుగా తోచేది లాగించడమే. నా దృష్టిలో అన్నిటికంటే చివర ఆలోచించవలసినది కూడా అదే.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని పిస్టన్ సుమారు 16 నుంచి 18వ వంతుకు కుదించినప్పుడు పుట్టే వేడికే, నాజిల్ నుంచి తుంపరగా పడిన డీజిల్ అంటుకుంటుంది. కాబట్టి ఇంజను తగినంత వేగంగా తిరగాలి, గాలి బిగువుగా కుదించుకోవాలి, డీజిల్ అందాలి. ఈ మూడింటిలో లోపించినది ఏదో తెలుసుకోవడానికి రెండు గుర్తులు చాలు: సెల్ఫ్ కొట్టినప్పుడు వచ్చే శబ్దం, సైలెన్సర్ నుంచి వచ్చే పొగ. వీటిని గమనించకుండా గొలుసు తేవడానికి పరుగెత్తడం నాడి చూడకుండా మందు వేయడం వంటిది.

సెల్ఫ్ కొడితే టక్కుమని ఆగిపోయినా, ఇంజను బరువుగా మూలుగుతూ తిరిగినా లోపం కరెంటు వైపు ఉన్నట్టు. ఫ్యాక్టరీ ముందు వరుసలో బండిని పది అడుగులు కదిపి ఆపి, మళ్లీ సెల్ఫ్ కొడుతూ పోతే బ్యాటరీ తిరిగి చార్జ్ అయ్యే వ్యవధే ఉండదు. పూర్తి చార్జ్‌లో ఉన్న బ్యాటరీ నిలకడగా సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది 9.6 కంటే దిగజారితే బ్యాటరీ నీరసించిందనుకోవచ్చు. అయితే బ్యాటరీని నిందించే ముందు టెర్మినళ్లపై పేరుకున్న తెల్లని పొడిని వేడినీళ్లతో కడిగి, ఎర్త్ వైరు ఇంజను బాడీకి బిగించిన చోటును గీకి శుభ్రం చేసి చూడాలి, ఎందుకంటే చాలాసార్లు అడ్డు అక్కడే ఉంటుంది. అప్పటికీ ఫలితం లేకపోతే జంపర్ వేయడం నిస్సందేహంగా మేలు. ప్లస్‌ను ప్లస్‌కు కలిపి, మంచి బ్యాటరీ మైనస్ నుంచి వచ్చే వైరు రెండో కొనను ఆగిన బండి ఇంజనుపై రంగు లేని ఇనుముకు, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్‌కు నిప్పురవ్వ తగిలితే అది పేలగలదు. స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ మోటారు బోల్టులను కలిపే అలవాటును మాత్రం మానుకోవాలి. గేర్‌లో ఉన్న బండి అలా స్టార్ట్ అయితే పక్కనే నిలబడ్డ మనిషి మీదికి పెద్దచక్రం ఎక్కుతుంది.

సెల్ఫ్ చురుకుగా తిరుగుతున్నా సైలెన్సర్ నుంచి పొగ జాడే లేకపోతే, డీజిల్ నాజిల్ దాకా చేరడం లేదన్నమాట. బ్యాటరీ మార్చినా, లాగించినా ఇక్కడ ఫలితం ఉండదు, ఎందుకంటే ఇంజను తిరుగుతూనే ఉంది. మూడేళ్ల కిందట మేము చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. ఫిల్టర్ మార్చిన మర్నాడు బండి స్టార్ట్ కాకపోతే, "అన్నా, మూడో గేర్‌లో వేసి క్లచ్ వదులు" అన్న సలహా విని అర కిలోమీటరు లాగించాము. కొక్కెం పిన్ను వంగింది, క్లచ్ ప్లేటు కాలిన వాసన వచ్చింది, ఇంజను మాత్రం ఒక్కసారి కూడా అందుకోలేదు. చివరికి మా ఊరి పెద్దాయన ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, పక్కనున్న చేతి పంపు నొక్కగానే నురుగులాగా బుడగలు పొంగాయి. పాత వాషరునే మళ్లీ వేయడం వల్ల అక్కడి నుంచి గాలి పీల్చుకుందని అప్పుడు అర్థమైంది.

ఎయిర్ తీయడానికి ఖర్చంటూ ఏమీ లేదు. ముందుగా ఇంజను ఆపడానికి లాగే స్టాప్ నాబ్ పూర్తిగా లోపలికి నెట్టి ఉందో లేదో, ట్యాంకు కింది కుళాయి తెరిచి ఉందో లేదో చూసుకోవాలి. ఎగుడుదిగుడు చేలో డీజిల్ అడుగంటినప్పుడు ట్యాంకు వాలి గాలి పీల్చడం మామూలే. తరువాత ట్యాంకుకు దగ్గరగా ఉన్న ఫిల్టర్ స్క్రూను, ఆపై రెండో ఫిల్టర్‌ను, ఆఖరున డీజిల్‌ను ఒత్తిడితో నాజిళ్లకు పంపే ఇంజెక్షన్ పంపుపై ఉన్న స్క్రూను ఒక్కొక్కటిగా వదులు చేసి, బుడగలు లేని డీజిల్ కారే వరకు చేతి పంపు నొక్కి బిగిస్తూ పోవాలి. పాత తరహా పంపు ఉన్న బండికైతే నాజిల్ పైపుల నట్లను కూడా కొద్దిగా వదిలి సెల్ఫ్ కొట్టవచ్చు, కానీ ఆ ఒత్తిడితో చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది కనుక చేయి దగ్గర పెట్టకూడదు. 2023 జనవరి నుంచి 50 హెచ్.పి. మించిన ట్రాక్టర్లకు వచ్చిన కొత్త కాలుష్య నిబంధనల తరువాత కామన్‌రైల్ ఇంజన్లు, అంటే చాలా ఎక్కువ ఒత్తిడిలో ఉన్న ఒకే గొట్టం నుంచి అన్ని నాజిళ్లకూ డీజిల్ అందేవి, పెరిగాయి. వాటి పైపులను మనం ముట్టుకోనేకూడదు. సీలు వేసిన ఇంజెక్షన్ పంపును విప్పడం ఏ బండికైనా షాపువాళ్ల పని.

తెల్లపొగ వస్తూ స్టార్ట్ కాకపోతే డీజిల్ అందుతోంది, మండడం లేదు. పలమనేరు, కుప్పం వైపు పుష్యమాసపు తెల్లవారుజామున ఇది సాధారణం. ఇంజనులోకి వెళ్లే గాలిని లేదా సిలిండరును వేడిచేసే హీటరు ఉన్న బండిలో దాన్ని వేడెక్కనిచ్చి, పది సెకన్లకు మించకుండా సెల్ఫ్ కొట్టి, నిమిషం పాటు ఆపి మళ్లీ ప్రయత్నించడం మేలు. హీటరు ఉన్న బండిలో ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే కొట్టడం ప్రమాదకరం. ఎండ ఎక్కాక కూడా ఇదే తీరైతే పిస్టన్ రింగులో వాల్వులో అరిగి ఉండవచ్చు. దానికి మెకానిక్కే దిక్కు.

ఇక లాగించడం. సెల్ఫ్ మోటారే కాలిపోయి, జంపర్ పనికిరాని చోట, డీజిల్ అందుతోందని రూఢి చేసుకున్నాక, చదునైన నేలపై, ట్రైలర్ విప్పి, గట్టి గొలుసుతో, దాని దరిదాపుల్లో ఎవరినీ నిలబడనివ్వకుండా అయితే ఒప్పుకుంటాను. ఇంజను ఆగి ఉన్నప్పుడు పవర్ స్టీరింగ్ బరువెక్కుతుందని కూడా గుర్తుంచుకోవాలి. వానకు తడిసిన బండికి మాత్రం ఆ సాహసం వద్దు. 2021 నవంబరులో తిరుపతి చుట్టుపక్కల కురిసిన వంటి వానల్లో, మూత లేని నిలువు సైలెన్సర్ గుండా నీళ్లు సిలిండరులోకి దిగగలవు. నీరు గాలిలాగా కుదించుకోదు. ఆ స్థితిలో లాగిస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ఇంజనాయిలు మట్టం చూసే కడ్డీ (డిప్‌స్టిక్) తీసి చూడాలి. ఇంజనాయిలు పాలలాగా తెల్లబడి ఉంటే సెల్ఫ్ కూడా కొట్టకుండా, నాజిళ్లు విప్పి నీళ్లు తీయించిన తరువాతే తాళం తిప్పాలి.