రౌటర్ ఆపి మళ్లీ వేస్తే స్పీడు పడిపోతోందా? ఏ లైను మేలు?

నెట్ నెమ్మదించిందని రౌటర్ ఆపి మళ్లీ వేస్తాం. తిరిగొచ్చాక స్పీడు ఇంకా తగ్గుతుంది. ఫోన్ చేస్తే వచ్చే సలహా ‘ఇంకోసారి ఆపి వేయండి సార్’. ఆ సలహా మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది ఇంట్లోకి వచ్చే తీగను బట్టి ఉంటుంది. తిరుపతిలో ఇప్పుడు నాలుగు రకాలు కనిపిస్తాయి: పాత టెలిఫోను రాగి తీగ, మిద్దె మీది పెట్టెలోంచి దిగే ల్యాన్ కేబుల్, ఫైబర్, కిటికీ పక్కన పెట్టుకునే 5జీ పెట్టె.

రాగి తీగ మీద పడిపోయేది నిజంగా లైను స్పీడే. మోడెమ్ ఆన్ అయిన ప్రతిసారీ ఎక్స్చేంజీ పరికరంతో మళ్లీ మొదటినుంచీ బేరం మొదలుపెడుతుంది. ఆ నిమిషంలో లైన్లో ఎంత రొద ఉందో కొలిచి, దానికి తగ్గ స్పీడుకు ఒప్పుకుంటుంది. మధ్యాహ్నం 14 ఎంబీపీఎస్‌కు కుదిరిన లైను, రొద ఎక్కువుండే సాయంత్రం ఆపి వేస్తే 11కే కుదరొచ్చు. మళ్లీ సింక్ అయ్యేదాకా (ఎక్స్చేంజీతో కొత్తగా స్పీడు కుదిరేదాకా) అదే గతి. దీనికి తోడు డీఎల్ఎం (లైను నిలకడను చూసి స్పీడు సర్దే ఏర్పాటు) ఉన్న లైన్లలో ఎన్నిసార్లు సింక్ తెగిందో లెక్క ఉంటుంది. లెక్క పెరిగితే లైనుకే జబ్బు అనుకుని ఎస్ఎన్ఆర్ మార్జిన్‌ను (రొద పెరిగినా లైను తెగకుండా పక్కన ఉంచే వాటాను) 6 డీబీ నుంచి 9కి, 12కి పెంచుతుంది. మార్జిన్ పెరిగిన మేరకు స్పీడు తరుగుతుంది. అంటే స్పీడు కోసం పదేపదే ఆపి వేసేవాళ్లే స్పీడు పోగొట్టుకుంటారు.

ఆపక తప్పకపోతే పవర్ స్విచ్ నొక్కండి, ఫోన్ తీగ మాత్రం పీకొద్దు. కరెంటు పోయేటప్పుడు చాలా మోడెములు ‘నాకు పవర్ పోతోంది’ అని ఎక్స్చేంజీకి చివరి కబురు పంపుతాయి. తీగ పీకితే ఆ కబురు పోదు, లైను తెగినట్టే లెక్క. ఆ తర్వాత కొన్ని రోజులు ముట్టుకోకుండా వదిలేయండి. అక్టోబరు, నవంబరు వానల్లో జాయింట్లలోకి నీరు దిగితే మాత్రం ఎంత ఓపిక పట్టినా లాభం లేదు, లైన్‌మన్ రావాల్సిందే.

ఫైబర్ సంగతి పూర్తిగా వేరు. జీపాన్‌లో (ఇళ్లకు ఫైబర్ ఇచ్చే పద్ధతి) కిందికి 2.488 గిగాబిట్లు, పైకి 1.244 గిగాబిట్ల వేగం ముందే ఖాయం, రీస్టార్ట్ చేసినప్పుడు బేరమేమీ ఉండదు. మీకు అందే స్పీడును నిర్ణయించేది ప్లాన్. కాబట్టి రీస్టార్ట్ తర్వాత ఫైబర్ ఇంట్లో స్పీడు తగ్గిందంటే ముందు అనుమానించాల్సింది వైఫైని. వేగమైన 5 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లలో రౌటర్ ముందుగా రాడార్ ఉందేమోనని కనీసం ఒక నిమిషం విని, ఆ తర్వాతే సిగ్నల్ వదలాలి. ఆ నిమిషంలో ఫోన్ నెమ్మదైన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను పట్టుకుంటుంది, తర్వాత చాలాసార్లు దాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. 300 ప్లాన్‌లో 40 చూపించేది ఇందుకే. రౌటర్ పేజీలో (ఎక్కువగా 192.168.1.1) 5 గిగాహెర్ట్జ్ ఛానెల్‌ను 36 లేదా 149కి కట్టేయండి, రెండు బ్యాండ్లకూ వేరువేరు పేర్లు పెట్టండి. 2.4కి 1, 6, 11లో ఖాళీగా ఉన్నది, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. కొర్లగుంట లాంటి ఇరుకు వీధుల్లో ఇరవై ఇళ్ల వైఫై ఒకేచోట వినిపిస్తుంది, అక్కడ 2.4ను నమ్ముకుంటే అంతే సంగతులు.

వైఫై కాదనుకుంటే ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ వచ్చి కలిసే పెట్టె) పేజీలో ఆర్ఎక్స్ పవర్, అంటే అందుతున్న వెలుతురు బలం, చూడండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే దిగుల్లేదు. మైనస్ 27 దాటితే ఎక్కడో తీగ మడత పడింది, లేదా ఆకుపచ్చ కనెక్టరు మురికైంది. తలుపు సందులో నలిగిన ఫైబర్‌దీ ఇదే కథ. ఊడిన ఫైబర్ కొసను కంటికి ఎదురుగా పెట్టి చూడొద్దు.

ల్యాన్ కేబుల్ చవక, బాగుచేయడమూ తేలికే. అయితే రీస్టార్ట్ తర్వాత మోసం చేసేది ఎక్కువగా ఇదే. స్పీడ్ టెస్ట్ 94 దగ్గర గోడ కట్టినట్టు ఆగిందా? అది ప్లాన్ తప్పు కాదు. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు నాలుగు (1, 2, 3, 6) చాలు. ప్లగ్ బిగించిన (క్రింప్ చేసిన) చోట మిగతా నాలుగింటిలో ఒక్క తీగ చిట్లితే, పోర్టు మళ్లీ లేచేటప్పుడు 100కే దిగిపోతుంది. రాగిపూత అల్యూమినియం తీగలు ఇలా ఇట్టే విరుగుతాయి. కొత్త ఆర్‌జే45 ప్లగ్ కొట్టిస్తే సరి. రెండో తంటా లాగిన్‌ది. పాత పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో రౌటర్ చేసే లాగిన్) సెషన్ సర్వరులో మూసుకోకముందే రౌటర్ మళ్లీ తలుపు తడితే లోపలికి రానివ్వదు. పది నిమిషాలు ఆపి ఉంచి వేయండి. ఎఫ్‌యూపీ (పూర్తి స్పీడుతో వాడుకునే డేటా పరిమితి) దాటిన నెలాఖరులో మరో చిక్కు: నడుస్తున్న సెషన్ పాత స్పీడులోనే సాగి, కొత్త లాగిన్‌తో తగ్గిన స్పీడు అమల్లోకి రావచ్చు. ముందు డేటా లెక్క చూసుకోండి. పిడుగుల కాలంలో మిద్దె మీదుగా వచ్చే ఈ రాగి కేబుల్ పోర్టును కాల్చేస్తుంది. ఫైబర్ గాజు, దానికా బెడద లేదు.

5జీ పెట్టె ఆపి వేస్తే వేరే టవర్‌నో, వేరే బ్యాండ్‌నో పట్టుకోవచ్చు, ఒక్కోసారి 4జీకి దిగొచ్చు. ఆర్ఎస్ఆర్‌పీ (టవర్ సిగ్నల్ బలం) మైనస్ 80 దగ్గరుంటే బాగున్నట్టు, మైనస్ 110 అయితే చోటు మార్చాలి. కపిలతీర్థం, అలిపిరి వైపు ఇళ్లకు ఒక పక్క కొండ అడ్డం, కాబట్టి పెట్టెను ఊరి వైపు కిటికీలో పెట్టి చూడండి. అద్దె ఇంటికి ఇది సరిపోతుంది. సొంతింట్లో ఫైబర్ దొరికే వీధిలో దీని జోలికి పోవడం దండగ.

నా ఓటు ఫైబర్‌కే. అది రాని వీధిలో ల్యాన్ కేబుల్, అదీ లేకపోతే 5జీ. రాగి తీగ ఇంకా ఉన్నవాళ్లు ఫైబర్ వచ్చేదాకా దాన్ని కదిలించకుండా వాడుకోండి.

ఇక రోజూ రాత్రి ఆపాలా, ఎప్పుడూ వెలుగుతూ ఉంచాలా? వెలుగుతూ ఉంచడమే మేలు. ఎండాకాలం కరెంటు పోయి వచ్చే ఊళ్లో మనం ఆపకపోయినా అది ఆగుతూనే ఉంటుంది. ఇన్వర్టర్ ఉన్నా రౌటర్ రీస్టార్ట్ అవుతుంటే ఇన్వర్టర్ వెనక స్విచ్ చూడండి. ఈకో మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే సమయం ఎక్కువ, యూపీఎస్ మోడ్‌లో పెడితే రౌటర్‌కు తెలియకుండానే మారిపోతుంది. ఇన్వర్టర్ లేనివాళ్లకు రౌటర్ మినీ యూపీఎస్ చాలు. అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే 12 వాట్లు. వోల్టేజీ అదే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా పర్లేదు. ఓఎన్‌టీ, రౌటర్ వేరువేరు పెట్టెలైతే రెండింటికీ ఇవ్వాలి. ఓఎన్‌టీని మరిచి రౌటర్‌కొక్కదానికే పెడితే వైఫై గుర్తు ఉంటుంది, నెట్ ఉండదు.

రీస్టార్ట్ చేయబోయి సన్న రంధ్రంలోని రీసెట్ బటన్ నొక్కొద్దు. పీపీపీఓఈ యూజర్ పేరు, పాస్‌వర్డ్ చెరిగిపోయి, ఆపరేటర్ కోసం కూర్చోవాల్సి వస్తుంది. రూ.300 దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే పూట నెట్ ఎంత నెమ్మదిగా ఉన్నా రౌటర్ జోలికి వెళ్లకండి. ఆ పేజీకి కావాల్సింది స్పీడు కాదు, తెగని కనెక్షన్.