వరంగల్ చౌరస్తా దగ్గర వాచ్ రిపేర్ కొట్టు: మిషన్ పేరు చెప్పాకే పని మొదలుపెడతారు

కీ ఇచ్చే పాత వాచీని ఎవరికి చూపించాలో తెలియక బీరువాలో పెట్టేసినవాళ్లు వరంగల్, హనుమకొండల్లో చాలామందే ఉంటారు. వాళ్ల కోసమే ఈ కొట్టు గురించి రాస్తున్నాను. చౌరస్తా నుంచి జేపీఎన్ రోడ్డు వైపు కొంచెం నడిస్తే, మొబైల్ షాపుల మధ్యలో ఒక అద్దాల బల్ల, ఒక స్టూలు, ఒక టేబుల్ లైటు కనిపిస్తాయి. అంతే కొట్టు. అక్కడ కూర్చునే పెద్దాయనను అందరూ చాచా అంటారు, నేనూ అలాగే పిలిచాను.

నేను తీసుకెళ్లింది మా తాత వాచీ. ఆజంజాహి మిల్లులో పనిచేసే రోజుల్లో కొనుక్కున్నాడని బాపు చెప్తాడు. డయల్ మీద కంపెనీ పేరు చెరిగిపోయింది. ఆరు అంకె దగ్గర సెకన్ల ముల్లుకు వేరే చిన్న గుండ్రం ఉంది, దాని కింద సన్న అక్షరాల్లో స్విస్ మేడ్ అని మాత్రం చదవొచ్చు. కీ తిరుగుతుంది కానీ ముళ్లు కదలవు. అంతకుముందు ఇంకో షాపులో చూపిస్తే, వెనక మూత కూడా తీయకుండానే "దీనికి సామాను దొరకదు, సెల్ మిషన్ వేసుకోండి" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. పాత డయల్ కింద బ్యాటరీ మిషన్ (మిషన్ అంటే ముళ్లను తిప్పే లోపలి యంత్రం) బిగిస్తే ఇక అందులో తాతది ఏం మిగులుతుంది?

చాచా డయల్ వైపు సరిగ్గా చూడనే లేదు. "డయల్ మీద ఏ పేరైనా రాస్తరు బిడ్డా. లోపల మిషన్ ఎవరిదో సూద్దాం" అని సన్న కత్తితో వెనక మూత లేపారు. రబ్బరు బుడ్డితో దుమ్ము ఊది, అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిలిపే బ్యాలెన్స్ చక్రం అంచు కింద, ప్లేటు మీద ఒక చోటు చూపించి భూతద్దం నా చేతికిచ్చారు. మొదట మరకలాగే కనిపించింది. లైటు కొంచెం వాలుగా పెట్టగానే ఏ, ఎస్ అనే ముద్ర, 1130 అనే అంకె తేలాయి.

ఏ.ఎస్. అంటే ఎ. షిల్డ్. స్విట్జర్లాండ్‌లోని గ్రెంఖెన్ ఊళ్లో వాచీ మిషన్లు తయారుచేసిన కంపెనీ. ఆ కాలంలో చాలా స్విస్ బ్రాండ్లు సొంతంగా మిషన్ చేసుకునేవి కావు. ఏ.ఎస్., ఎఫ్.హెచ్.ఎఫ్., ఈటా లాంటి వాళ్ల దగ్గర కొని, తమ కేసులో బిగించి, డయల్ మీద తమ పేరు వేసుకునేవి. అందుకే పేరు చెరిగిపోయిన వాచీకైనా సామాను వెతకడానికి దారి ఉంటుంది. మనకు కావాల్సింది మిషన్ నంబరు.

నంబరు దొరికిందని చాచా అక్కడితో వదిలేయలేదు. మిషన్ బయటికి తీసి వెర్నియర్ స్కేలుతో అడ్డంగా కొలిచారు. 29 మిల్లీమీటర్లకు కొంచెం పైన వచ్చింది. స్విస్ వాళ్లు మిషన్ సైజును 'లీన్' అనే పాత కొలతలో చెప్తారు, ఒక లీన్ సుమారు 2.256 మి.మీ. 1130 సైజు 13 లీన్‌లు, అంటే 29.3 మి.మీ. సరిపోయింది. నంబరు అరిగిపోతే ఏం చేస్తారని అడిగాను. ముళ్లు, డయల్ తీసేసి, కీ పుల్ల చుట్టూ ఉండే చిన్న రేకుల ఆకారం చూస్తారట. టైమ్ మార్చడానికి కీ బయటికి లాగినప్పుడు కదిలేవి అవే. ఆ పైరేకు ఆకారం ఒక్కో మిషన్‌కు ఒక్కోలా ఉంటుంది. అట్టలు ఊడిన ఒక పాత స్పేర్ పార్టుల కేటలాగ్ తెరిచి చూపించారు, పేజీల నిండా ఆ రేకుల బొమ్మలే.

మా వాచీ ఆగిపోవడానికి కారణం బ్యాలెన్స్ చక్రం ఇరుసు కొన విరగడం. తర్వాతి వాచీల్లో చాలావాటికి ఆ ఇరుసు పైన వీణలాంటి చిన్న స్ప్రింగ్ ఉంటుంది, దాన్ని ఇన్‌కాబ్లాక్ అంటారు. వాచీ కింద పడితే ఆ దెబ్బను అది తీసుకుంటుంది. మా దాంట్లో అది లేదు. చాచా డబ్బాలు తెరిచి, చెడిపోయిన వాచీల్లోంచి ఇంకో 1130 తీశారు. దాని డయల్ మీద నేనెప్పుడూ వినని పేరు ఉంది. రెండు మిషన్లూ పక్కపక్కన పెడితే చక్రాలను పట్టి ఉంచే బ్రిడ్జిలు, చక్రాలు, స్క్రూల చోట్లు అన్నీ ఒకటే. అందులోని బ్యాలెన్స్ చక్రాన్ని, దాన్ని ఊగించే సన్న చుట్టల హెయిర్‌స్ప్రింగ్‌తో సహా మా దాంట్లో వేస్తానని, ఎంతవుతుందో అప్పుడే చెప్పారు. సర్వీసింగ్‌తో కలిపి 1,200 రూపాయలు తీసుకున్నారు. మిషన్ ఏదో చూసి చెప్పినందుకు విడిగా ఏమీ అడగలేదు.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే హెచ్ఎంటీల సంగతి ఇంకా తేలిక. హెచ్ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. జనతా, పైలట్ వేరువేరు వాచీల్లా కనిపించినా, చాలావాటి లోపల ఉండేది 0231 అనే ఒకటే 17 జ్యువెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు) మిషన్. హెచ్ఎంటీ వాచెస్ కంపెనీ మూతపడినా ఆ మిషన్ సామాను చాచా దగ్గర బాగానే ఉంది.

ఇక నచ్చనివి. అడిగితే తప్ప రసీదు ఇవ్వరు. చెప్పిన రోజుకు వాచీ సిద్ధంగా ఉండదు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లాలి. టైమింగ్ చూసే టైమ్‌గ్రాఫర్ మెషిన్ లేదు. ఈ మిషన్ గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదుసార్లు కొట్టుకోవాలి. చాచా చెవి దగ్గర పెట్టుకుని, గోడ గడియారంతో పోల్చుకుంటూ సరిచేస్తారు. మొదట ఇచ్చినప్పుడు వాచీ బాగా ముందుకు పోయింది. మళ్లీ తీసుకెళ్తే డబ్బులడగకుండా సరిచేశారు. ఇప్పుడు రోజుకు అర నిమిషం తేడా వస్తోంది, ఆ వయసు వాచీకి అది మంచి లెక్కే.

ఒక్కటి మాత్రం ముందే గట్టిగా చెప్పండి: డయల్‌కు కొత్త పెయింట్ వద్దని. చాలామంది కస్టమర్లు వాచీ మెరవాలని కోరుకుంటారు కాబట్టి చాచా అలవాటుగా ఆ మాట అడుగుతారు. నేను వద్దన్నాను, ఆయనా బలవంతపెట్టలేదు. మార్చిన పాత ముక్కలు కావాలన్నా పని మొదలుకాకముందే చెప్పాలి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ కొట్టు మూసి ఉంటుంది. పొద్దున పదకొండు తర్వాత, రద్దీ పెరగకముందు వెళ్తే మూత తీసి చూపించే తీరిక ఆయనకు ఉంటుంది.