పాత సిటీ వీటెక్కా, ఐ-వీటెక్కా? కోరాపుట్ కొండల్లో ఏది మేలు?

ఒడిశాలోని కోరాపుట్, జయపురం, సునాబెడ, సెమిలిగుడ వైపు మన తెలుగు కుర్రాళ్లలో కారు పిచ్చి ఉన్నవాళ్లు తక్కువేం కాదు. కొత్తగా వచ్చే హుషారైన కార్లు ధర చూస్తే అందవు. అందేవి మనసుకి ఎక్కవు. అప్పుడు చూపు పాత హోండా సిటీ మీద పడుతుంది. అక్కడికొచ్చాక అందరూ అడిగేది ఒకటే: 2000 నుంచి 2003 దాకా వచ్చిన మొదటి తరం వీటెక్ తీసుకోవాలా, 2008లో మొదలై 2013 దాకా అమ్మిన ఐ-వీటెక్ తీసుకోవాలా? వీటెక్ అంటే ఇంజిన్ వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరు మార్చే హోండా పద్ధతి.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఉండబోయేది ఒకటే కారైతే ఐ-వీటెక్ తీసుకోండి, అదీ 2011 తర్వాత తయారైన మాన్యువల్ గేర్ బండి. ఇంట్లో ఇంకో కారు ఉండి, ఇది ఆదివారాల కోసం, మీ ఆనందం కోసం అయితే పాత వీటెక్. ఆ ఆనందం ఐ-వీటెక్‌లో దొరకదు.

ఈ రెండింటి మధ్య ఇంకో తరం ఉంది. 2003 చివర్లో వచ్చింది, డాల్ఫిన్ అని పిలుచుకునేవాళ్లు. ఒక్కో సిలిండర్‌కి రెండేసి స్పార్క్ ప్లగ్‌లు, 77 హార్స్‌పవర్, మైలేజీ కోసం చేసిన ఇంజిన్. తర్వాత అందులో 100 హార్స్‌పవర్ వీటెక్ కూడా వచ్చింది. కుటుంబానికి బంగారం లాంటి కారు. హుషారు కోసం వెతికేవాళ్లకి మాత్రం అది కాదు.

ఇంజిన్‌తో మొదలుపెడదాం. పాత వీటెక్‌ది 106 హార్స్‌పవర్, ఐ-వీటెక్‌ది 118. రెండూ ఒకటిన్నర లీటర్లే. కాగితం మీద కొత్తదే గెలిచింది. కానీ పాతది బాగా తేలికైన బండి. పైగా రెండింట్లోనూ వీటెక్ అని రాసున్నా అది చేసే పని ఒకటి కాదు. పాత ఇంజిన్‌లో ఇన్‌టేక్ వాల్వులకి, అంటే గాలి లోపలికి వచ్చే తలుపులకి, వాటిని నొక్కి తెరిచే క్యామ్‌లు రెండు రకాలు ఉంటాయి. నెమ్మదిగా పోతున్నప్పుడు ఒకటి, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఐదు వేల దగ్గరికి వచ్చేసరికి ఆయిల్ ప్రెషర్‌తో పిన్ను జరిగి రెండోది పట్టుకుంటుంది. ఆ క్షణంలో ఇంజిన్ గొంతు మారుతుంది. అప్పటిదాకా మామూలుగా లాగుతున్న బండి ఒక్కసారి ముందుకి దూకుతుంది. ఐ-వీటెక్‌లో అదే పద్ధతిని పొదుపు కోసం వాడారు. తక్కువ ఆర్‌పీఎంలో ప్రతి సిలిండర్‌లోనూ ఒక ఇన్‌టేక్ వాల్వు దాదాపు మూసుకుని ఉంటుంది, వేగం పెరిగాక రెండూ పనిచేస్తాయి. శక్తి నున్నగా వస్తుంది, ఎక్కడ మారిందో తెలియదు. రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్లకి అదే హాయి. ఆ దూకుడు రుచి చూసినవాళ్లకి మాత్రం అది చప్పగానే ఉంటుంది.

ఇప్పుడు మన రోడ్డు. సాలూరు దాటి పి.కోనవలస ఘాటీ ఎక్కి సుంకి చేరి, అక్కణ్ణుంచి పొట్టంగి మీదుగా సెమిలిగుడ వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి. రాయపూర్ నుంచి విశాఖ పోయే లారీలు చాలా వరకు ఇదే దారి. మలుపు మీద లారీ పాకుతూ ఉంటుంది, ఎదర వంద గజాలు ఖాళీ దొరుకుతుంది, ఆ వంద గజాల్లోనే దాటాలి. పాత వీటెక్‌లో రెండో గేరు వేసి తొక్కితే పని అయిపోతుంది. గేర్ రాడ్ పొట్టిగా, కచ్చితంగా పడుతుంది. స్టీరింగ్ హైడ్రాలిక్, టైర్ల కింద ఏముందో అరచేతికి తెలుస్తుంది. ఐ-వీటెక్‌ది ఎలక్ట్రిక్ స్టీరింగ్. జయపురం బజార్లో పార్కింగ్‌కి వేలితో తిప్పొచ్చు గానీ మలుపులో ఆ కబురు చేతికి అందదు. ఎక్కేటప్పుడు పాతదానికే నా ఓటు.

ఎత్తు సంగతి కూడా చూడాలి. టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే పరికరం) లేని పెట్రోలు ఇంజిన్ ప్రతి వంద మీటర్ల ఎత్తుకీ దాదాపు ఒక శాతం శక్తి పోగొట్టుకుంటుంది, గాలి పలచబడుతుంది కాబట్టి. కోరాపుట్ సముద్రమట్టానికి 870 మీటర్ల పైచిలుకు. అంటే విజయనగరంలో 118 ఉన్న ఇంజిన్ ఇక్కడికి వచ్చేసరికి 108 దగ్గర ఉంటుంది, 106ది 97 దగ్గర ఉంటుంది. దేవమాలి వైపు ఇంకా పైకి పోతే ఇంకా తగ్గుతుంది. అందుకే కింద దుమ్మురేపిన పాత సిటీ, ఇక్కడ టర్బో డీజిల్ కారు పక్కన కాస్త వెనకబడినట్టు అనిపిస్తుంది. అది ఇంజిన్ జబ్బు కాదు. మెకానిక్ దగ్గరికి పరిగెత్తి ఇంజెక్టర్లు విప్పించకండి.

దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. పాత వీటెక్‌లో ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. ఐ-వీటెక్ వచ్చినప్పుడే రెండు ఎయిర్‌బ్యాగులతో, ఏబీఎస్‌తో వచ్చింది. శ్రావణంలో రోజుల తరబడి వాన, తెల్లారుజామున మంచు, మలుపు తిరగ్గానే రోడ్డుకి అడ్డంగా ఆవులు. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు నొక్కితే ఏబీఎస్ లేని కారు చక్రాలు బిగుసుకుని, స్టీరింగ్ ఎటు తిప్పినా నేరుగానే జారుతుంది. చేయి తిరిగిన డ్రైవరు సంభాళించుకుంటాడు. కానీ కారు అత్తగారిని విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్లడానికీ కావాలి, మీ తమ్ముడు నేర్చుకోవడానికీ కావాలి. ఇంటికి ఒక్కటే కారైతే ఐ-వీటెక్ అని పట్టుబట్టి చెప్పేది అందుకే.

రెండూ నేలకి దగ్గరగా ఉండే కార్లే. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీలో బియ్యం బస్తా వేస్తే స్పీడ్ బ్రేకర్ దగ్గర అడుగు తగలడం ఖాయం. ఇందులో ఏదీ ఏదానికీ తీసిపోదు.

ఇక స్పేర్లు. పాత వీటెక్ కొనాలా వద్దా అన్నది ఇక్కడే తేలిపోతుంది. జయపురంలో బొలేరో, స్విఫ్ట్ సామాను ఏ షాపులో అడిగినా దొరుకుతుంది. పాత సిటీకి ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు లాంటివి తెప్పించొచ్చు. హెడ్‌లైటు, బంపరు, డోర్ బీడింగ్, ఏసీ సామాను కావాలంటే విశాఖ, అక్కడ లేకపోతే చెన్నై పుదుపేట, ఢిల్లీ కశ్మీరీ గేట్ అంటూ ఫోన్లు చేయాలి. దొరికినా సెకండ్ హ్యాండే. చిన్న గుద్దుడుకి కూడా కారు వారాల తరబడి షెడ్డులో నిలబడిపోతుంది. ఐ-వీటెక్‌కి ఆ టెన్షన్ లేదు. లక్షణంగా అమ్ముడుపోయిన కారు, కంపెనీ సామానూ బయట సామానూ ఇంకా తిరుగుతున్నాయి.

పాతదాంట్లో అసలు భయం టైమింగ్ బెల్ట్. అది వాల్వుల కదలికని పిస్టన్లతో జత కలిపి నడిపే రబ్బరు బెల్ట్. నడుస్తుండగా తెగితే పిస్టన్లు వాల్వులకి తగిలి వాల్వులు వంగిపోతాయి, ఇంజిన్ పై భాగం (హెడ్) దించాలి. ఐ-వీటెక్‌కి చైన్, ఆ భయం లేదు. పాత కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి అమ్మేవాళ్లు కిలోమీటర్లు చూపించి బెల్ట్ బాగానే ఉందంటారు. కానీ రబ్బరు తిరక్కపోయినా పాడవుతుంది. మా బావమరిది 2002 వీటెక్ కొనేటప్పుడు ఇక్కడి మేస్త్రీ అన్నది నాకు బాగా గుర్తు: "మార్చానన్న మాట కాదు బాబూ, బిల్లు చూపించమను." బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. బెల్ట్‌తో పాటు వాటర్ పంపు కూడా మార్పించాలి, అది తిరిగేది ఆ బెల్ట్ మీదే. విడిగా చేస్తే ఒకే పనికి రెండుసార్లు కూలి.

ఐ-వీటెక్‌లో తప్పులు లేవని కాదు. ఇంజిన్‌లో వాల్వుల దగ్గరుండే లాస్ట్ మోషన్ స్ప్రింగుల కోసం 2011లో కంపెనీ 57 వేలకు పైగా కార్లను వెనక్కి పిలిచి మార్చింది. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల ఇన్‌ఫ్లేటర్ల (బ్యాగుని ఉబ్బించే భాగాల) కోసం కూడా పిలుపులు వచ్చాయి. కొనే ముందు ఛాసీ నంబరు తీసుకుని హోండా వెబ్‌సైట్లో కొట్టి చూడండి. పని మిగిలి ఉంటే కంపెనీ ఉచితంగా చేస్తుంది. ఎయిర్‌బ్యాగ్ పని మిగిలి ఉంటే మాత్రం అది పూర్తయ్యాకే కుటుంబాన్ని ఎక్కించండి.

కాగితాల దగ్గర మన సరిహద్దు వాళ్లకి అదనపు తలనొప్పి. ఈ కార్లు ఎక్కువగా ఏపీ 31, ఏపీ 35 నంబర్లతో విశాఖ, విజయనగరం నుంచి వస్తాయి. ఒడిశాలో 12 నెలలకు మించి ఉంచాలంటే ఆంధ్రలోని ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఇక్కడ ఓడీ నంబరు వేయించాలి, ఇక్కడి పన్ను కట్టాలి. దీనికి వయసు తోడవుతుంది. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారుకి పొడిగింపు ఫీజు 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. పాత వీటెక్ అంటే అన్నీ ఆ రెండో లెక్కలోకే వస్తాయి. 2013 ఐ-వీటెక్‌కి 2028 దాకా మొదటి రిజిస్ట్రేషనే నడుస్తుంది. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద ఏళ్ల తరబడి ఆంక్షలు ఉండటంతో అటువైపు నుంచి చవగ్గా వచ్చే బళ్లు కూడా ఉన్నాయి. ఎన్‌ఓసీ చేతిలో పడేవరకు డబ్బు ఇవ్వొద్దు.

పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. 2009 జనవరి నుంచి తయారైన తన కార్ల సామాను దీన్ని తట్టుకుంటుందని హోండా చెప్పింది, పాత వీటెక్ మాత్రం దాని కోసం చేసింది కాదు, పైగా వయసు వల్ల దానికే ఎక్కువ ముప్పు. ఇరవై ఏళ్లు దాటిన రబ్బరు పైపులు, సీళ్లు మెత్తబడి పెట్రోలు చెమర్చడం మొదలవుతుంది. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. ఆదివారాలు మాత్రమే తీసే కారు అయితే వర్షాకాలంలో ట్యాంకు నిండుగా ఉంచడం, వారానికోసారైనా తిప్పడం అలవాటు చేసుకోవాలి.

పాత వీటెక్ కోసం వెతికేవాళ్లు ఒక మోసం గమనించండి. అదే తరంలో వీటెక్ లేని ఒకటిన్నర లీటర్ల ఇంజిన్ కూడా ఉంది. ఆర్సీలో సీసీ చూసి తేల్చుకోలేరు, వెనకాల అంటించిన స్టిక్కర్ చూసి అసలే తేల్చుకోలేరు. బానెట్ ఎత్తి సిలిండర్ హెడ్ పక్కన వీటెక్ సోలినాయిడ్ (ఆ పిన్నుకి ఆయిల్ వదిలే కరెంటు వాల్వు) ఉందో లేదో మేస్త్రీ చేత చూపించుకోండి. తర్వాత ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్న పొద్దుటి పూట వెళ్లి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి. ఆ పిన్ను జరిగేది ఆయిల్ ప్రెషర్‌తోనే కదా, ఆయిల్ గీతకి కింద ఉంటే ఆ దూకుడు రాదు. అమ్మేవాడు మీరు రాకముందే ఇంజిన్ వేడి చేసి ఉంచితే, మర్నాడు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే సైలెన్సర్‌లోంచి వచ్చే నీలం పొగ (ఆయిల్ కాలుతోందని గుర్తు) కనపడాలంటే అదొక్కటే సమయం. చక్రాల పైన ఉండే వంపుల లోపల, డిక్కీ కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంతలో తుప్పు కూడా అప్పుడే చూసేయాలి.

ఐ-వీటెక్ ఆటోమేటిక్ సంగతి అడిగేవాళ్లకి: స్టీరింగ్ వెనక ప్యాడిళ్లు ఉన్న ఐదు గేర్ల బండి అది, ఊళ్లో బాగుంటుంది. ఘాటీ కోసం అయితే మాన్యువలే తీసుకోండి. దాంతో సుంకి నుంచి కిందికి దిగేటప్పుడు రెండో గేరులో వదిలేసి, బ్రేకు మీద కాలు పెట్టకుండా మలుపు దాకా రావచ్చు.